ఖాళీ గిన్నె బరువు

"ఆగండి వదినా, ఆగండి! ఆ ముక్క కింద పెట్టండి."

వదిన చెయ్యి గాలిలోనే నిలబడిపోయింది. పట్టకారులో మాంసం ముక్క, దాని కింద పొగలు కక్కుతున్న పెనం. పొద్దున్న ఏడున్నర నుంచి ఇలా ఆగడం ఇది పద్నాలుగోసారి. ఆమె లెక్కపెట్టుకుంటూనే ఉంది. ముక్క వెయ్యాల్సిన క్షణం వచ్చింది, వెళ్ళిపోయింది కూడా.

"సగటున ముక్క యాభై అయిదు గ్రాములు వస్తోంది. ఇది చూస్తే డెబ్బై," అన్నాడు గ్రాముల బాబు, కాటా మీద పళ్ళెం సర్దుతూ. "కొంచెం కొయ్యండి."

"కోస్తే నరం తెగుతుంది బాబూ. ఉడికాక పీచు పీచయిపోతుంది."

"సరే అయితే, యాభై అయిదు నుంచి డెబ్బై దాకా అని రాసుకుంటా."

అతను రాసుకునేలోగా నూనె మాడింది. వదిన దాన్ని ఒంపేసి, పెనం తుడిచి, మళ్ళీ నూనె సీసా ఎత్తింది. "ఎంత?" అన్నాడు గ్రాముల బాబు.

అతను ఆ హోటల్‌కి కొత్తగా వచ్చిన పెద్ద చెఫ్. ముప్పై దాటిన మనిషి. నలగని తెల్ల కోటు, జేబులో మూడు పెన్నులు, చంకలో కాటా. అందరూ గ్రాముల బాబు అంటారని అతనికీ తెలుసు, నవ్వేసి ఊరుకుంటాడు. మంచివాడే, ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. అదే వచ్చిన చిక్కు. తిట్టుకోవడానికైనా సందివ్వని మనిషితో వేగడం ఎంత కష్టమో వేగినవాళ్ళకే తెలుస్తుంది.

ఇక వదిన అంటారా, ఆమె ఆ వంటింట్లో పాతికమందికీ వదినే. మాంసం కొట్టే అన్నకి భార్య కాబట్టి వదిన అయింది. అన్న పోయి ఆరేళ్ళయినా వరస అలాగే నిలిచిపోయింది. యాభై ఏడేళ్ళ పొట్టి మనిషి. పాతికేళ్ళ గరిటె పనికి కుడి భుజం ఎడమదానికంటే రెండు వేళ్ళు కిందికి దిగింది. ముంజేతుల నిండా కాలిన మచ్చలు, కొత్తవి ఎర్రగా, పాతవి తెల్లగా. కనుబొమలు ఎప్పుడు చూసినా సగమే ఉంటాయి, మిగతా సగం మంటకి కాలిపోతుంది. కూర్చున్నప్పుడు కంటే లేచేటప్పుడు మోకాళ్ళు ఎక్కువ నొప్పి పెడతాయని ఆమె కూర్చోవడమే మానేసింది.

ఆ హోటల్ బావా బావమరుదులది. బావ ఫ్రెంచి వంట నేర్చుకొచ్చాడు, బావమరిది తైవాన్ వంట నేర్చుకొచ్చాడు. మొదట్లో ఇద్దరూ పాలూ నీళ్ళలా ఉండేవారు. తర్వాత ఉప్పూ నిప్పూ అయ్యారు. ఎవరి గరిటె ఎవరు వాడారన్న దగ్గర మొదలైన తగువు ముదిరి, చివరికి వంటింటి నేల మీద నిట్టనిలువునా పసుపుపచ్చ గీత గీయించుకునేదాకా వెళ్ళింది. గీతకి అటు వైనూ వెన్నా, ఇటు సోయా సాసూ అల్లమూ. అటువాళ్ళు ఇటు చెంచా ముట్టరు, ఇటువాళ్ళు అటు మూత తియ్యరు. ఆ గీత సింకు దాకా వచ్చి ఆగిపోతుంది. సింకు ఒక్కటే కదా మరి, దాన్ని పంచుకోలేకపోయారు. సింకు పక్కన మిగిలిన ఒంటి పొయ్యి మీద సిబ్బంది భోజనం వండుతారు. అది వదిన పొయ్యి.

కూర కూడా అక్కడే పుట్టింది. పదకొండేళ్ళ క్రితం మాట. అన్న అటువైపు మాంసం కొట్టేవాడు. కస్టమర్ల పళ్ళేలకి పనికిరాని పిక్క కండల చివర్లూ, నరాలూ, మూలుగ ఎముకలూ పారెయ్యడానికి మనసొప్పక భార్య పొయ్యి పక్కన పెట్టి వెళ్ళేవాడు. "ఏదో ఒకటి చెయ్యవే, బంగారం లాంటి బీఫ్" అనేవాడు. సీసాల అడుగున మిగిలిన ఎర్ర వైనూ, వాడిపోయిన థైమ్ ఆకు రెమ్మలూ అటునుంచి వచ్చేవి. అనాస పువ్వూ, పులియబెట్టిన చిక్కుడు గింజల కారం ముద్దా, సోయా సాసూ, పటికబెల్లమూ ఇటునుంచి వచ్చేవి. ఎండిన నారింజ తొక్క అటువాళ్ళూ వేస్తారు, ఇటువాళ్ళూ వేస్తారు. ఎవర్ని అడిగితే ఎవరికి కోపం వస్తుందోనని అదొక్కటీ వదిన ఇంటినుంచి తెచ్చుకునేది. నాలుగు గంటలు సన్నమంట మీద ఉడికాక ఆ గిన్నె మూత తీస్తే గీతకి రెండు వైపులవాళ్ళూ ఒకే బల్ల చుట్టూ చేరేవారు. సగంమంది రొట్టె ముంచుకుని, సగంమంది నూడుల్స్ కలుపుకుని తినేవారు.

మొదటి రోజు అడుగున నాలుగు గరిటెల రసం మిగిలితే వదిన పారబొయ్యలేదు. వడకట్టి, మరిగించి, చల్లార్చి, గిన్నెతో సహా కోల్డ్ రూమ్‌లో పెట్టింది. మర్నాడు అందులోనే కూర మొదలుపెట్టింది, పాలల్లో తోడు వేసినట్టు. దాని పేరు కూడా తోడే అయింది. రోజూ సాయంత్రం నాలుగు గరిటెలు ఉంచడం, రోజూ పొద్దున్నే ఒక పొంగు రానివ్వడం. సెలవు రోజున కూడా బస్సెక్కి వచ్చి మరిగించి వెళ్ళేది. పదకొండేళ్ళలో ఆ గిన్నె ఒక్క రాత్రి కూడా ఖాళీగా పడుకోలేదు.

అన్న ఆసుపత్రిలో పోయిన పొద్దున ఆమె హోటల్‌కి ఫోన్ చేసింది. ఎత్తింది పెద్ద సర్వరు. "అన్నయ్యా, నేను ఇవాళ రాలేను. గిన్నె ఒక్కసారి మరిగించండి, లేకపోతే తోడు విరిగిపోతుంది," అంది. అంతా చెప్పేశాక, ఎందుకు రాలేరని ఆయన అడిగితే అప్పుడు ఏడ్చింది.

కూతురు బళ్ళో లెక్కలు చెబుతుంది. "రోజూ పదో వంతు మిగిల్చి మిగతాది తినేస్తుంటే, నెల తిరక్కుండానే మొదటి రోజుది చుక్క కూడా ఉండదమ్మా," అని ఒకసారి కాగితం మీద చేసి చూపించింది. "నీ లెక్క నీ బళ్ళో చెప్పుకో," అంది వదిన. భర్త కొట్టిన ఎముకల సారం అందులో ఉంది. ఆమె నాలుకకి తెలుసు, ఇంకెవరికి తెలియాలి?

ఇప్పుడు బావా బావమరుదులు కలిసిపోయారు. జుట్టు రాలింది, గిరాకీ పల్చబడింది, పౌరుషం కూడా దానితోపాటే తగ్గింది. రెండు వంటలూ కలిసిన కొత్త వంటకం ఒకటి బయట బోర్డు మీద పెట్టాలనుకున్నారు. గ్రాముల బాబు నెల రోజులు తలబాదుకుని తొమ్మిది రకాలు చేశాడు. ఒకటి బావకి నచ్చితే బావమరిదికి నచ్చలేదు, ఇంకొకటి ఇద్దరికీ నచ్చలేదు. చివరికి ఒక మధ్యాహ్నం బావ సిబ్బంది బల్ల దగ్గర ఆగి ఒక చెంచా నోట్లో పెట్టుకుని, "ఒరేయ్ బావమరిదీ, ఇదేరా మనం వెతుకుతున్నది!" అని కేకేశాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికారంటే ఇదే మరి.

వదిన ఒకే ఒక్క కోరిక కోరింది. "చేసి చూపిస్తానండీ. ఎంతమందికైనా వండుతాను. దీని పొయ్యి దగ్గర మాత్రం నన్నే ఉంచండి."

"చూద్దాం వదినా, ముందు కాగితం మీద పడనీ," అన్నాడు బావ.

ఆ 'చూద్దాం' విన్నప్పటినుంచి ఆమెకి కంటిమీద కునుకు లేదు. కాగితం మీద పడ్డాక తనతో ఏం పని? ఇవాళ మూడింటికి ఇద్దరూ వచ్చి రుచి చూస్తారు. పొయ్యి ఉంటుందో ఊడుతుందో తేలిపోతుంది. అందుకే పళ్ళ బిగువున ఓర్చుకుంటోంది, లేకపోతే ఆ కాటా ఎప్పుడో సింకులో తేలేది.

"సోయా ఎంత వదినా?"

"రంగు చూసి పోస్తాను."

"రంగుకి గ్రాములుండవు కదండీ. పోనీ, వైన్ ఎంతసేపు మరగాలి?"

"పులుపు వాసన పోయేదాకా."

"అంటే ఎన్ని నిమిషాలు?"

"ముక్కు చెబుతుంది బాబూ."

"ముక్కుని కాగితం మీద ఎలా రాయను చెప్పండి?"

గీతకి ఇటువైపు నూడుల్స్ లాగుతున్న ఇద్దరు కిసుక్కుమన్నారు. వదిన చెవులు వేడెక్కాయి. గుప్పెట్లో అల్లం ముక్కలు పట్టుకుని, అతను చిన్న గిన్నె వెతికి తెచ్చేదాకా అలాగే నిలబడింది. వేళ్ళ సందుల్లోంచి రసం కారుతోంది, కాలిన చోట చురుక్కుమంటోంది. అక్కడినుంచి ఆమె తనంతట తాను చెప్పడం మానేసింది. అడిగితే జవాబు, అడక్కపోతే మౌనం. తోడు గురించి కూడా, దాని వంతు వచ్చినప్పుడు చెప్దాంలే అనుకుంది. మరిగించిన గిన్నె సింకు గట్టు మీద చల్లారుతోంది. అందులోది ముట్టుకోకు అని ఒక్క మాట అనేస్తే పోయేది. కానీ చిరాకెత్తిన మనిషికి అవసరమైన మాటే నోట్లోంచి రాదు కదా.

నరాలు తేవడానికి కోల్డ్ రూమ్‌లోకి వెళ్ళింది. అయిదు నిమిషాలు కూడా కాలేదు. వచ్చేసరికి గ్రాముల బాబు ముఖం వెలిగిపోతోంది.

"ఆరు కేజీల రెండువందల నలభై," అన్నాడు.

"ఏమిటది?"

"ఖాళీ గిన్నె బరువు వదినా! ఇది తెలియకపోతే లోపల ఏం వేసినా లెక్క తేలదు. ఇప్పుడిక సున్నా నుంచి మొదలుపెట్టొచ్చు."

కాటా మీద ఆమె గిన్నె తడితడిగా, తళతళా మెరుస్తోంది. వదిన దానివైపు చూడలేదు, సింకువైపు చూసింది. గొట్టం లోపల ఇంకా గుటక వేస్తున్న చప్పుడు వస్తోంది. జాలీ మీద అనాస పువ్వు రేక ఒకటి, దాని చుట్టూ గోధుమరంగు నురగ.

"అందులో ఉన్నదేదీ?"

"నిన్నటిదేదో అడుగున మిగిలింది, పారబోసి కడిగాను. నేనే కడిగాను, ఎవరికీ పని చెప్పలేదు," అన్నాడు, శ్రమ తప్పించినందుకు మెచ్చుకుంటుందన్నట్టు.

"నీ చేతులు పడిపోను!"

ఆ అరుపు ఆమెదేనని వంటింట్లో ఎవరికీ వెంటనే తట్టలేదు. పాతికేళ్ళలో ఆమె గొంతు పొయ్యి చప్పుడు దాటి వినపడింది లేదు. గీతకి అటు కత్తులు ఆగాయి, ఇటు గరిటెలు ఆగాయి. నరాల పళ్ళెం ఆమె చేతిలోంచి గట్టు మీద పడింది. వదిన చెయ్యి చాచి జాలీ మీద నురగ ముట్టుకుంది, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. సబ్బు వాసన వచ్చింది.

గ్రాముల బాబు ముఖం పాలిపోయింది. ఏం జరిగిందో పెద్ద సర్వరు నాలుగు ముక్కల్లో అతని చెవిలో చెప్పాడు. తోడంటే ఏమిటో, రోజూ ఎలా ఉంచుతుందో చెప్పాడు గానీ అన్న సంగతి చెప్పలేదు. అంతా విని అతను దగ్గరకొచ్చాడు.

"తప్పయిపోయింది వదినా. నాకు తెలియలేదు. ఎముకలున్నాయి, అన్నీ ఉన్నాయి, నేనే దగ్గరుండి మళ్ళీ చేయిస్తాను. ఎంత కావాలో చెప్పండి. రెండు లీటర్లా? మూడా?"

"పదకొండేళ్ళు," అంది వదిన.

అతను అలవాటు కొద్దీ పెన్ను తీశాడు. రాయకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ క్షణాన వెళ్ళిపోవాలనిపించింది ఆమెకి. కాళ్ళు తలుపు వైపు తిరిగాయి కూడా. కానీ మూడింటికి వాళ్ళొస్తారు. తోడు ఎలాగూ పోయింది, పొయ్యి కూడా పోగొట్టుకోవాలా? కొంగుతో ముఖం తుడుచుకుని, గిన్నె కాటా మీద ఉండగానే ముక్కలు వెయ్యడం మొదలుపెట్టింది. చెప్పమన్నది చెప్పింది, ఆగమన్నచోట ఆగింది. వైన్ నాలుగువందల గ్రాములు. సోయా నూట ముప్పై. పటికబెల్లం నలభై రెండు. నారింజ తొక్క ఆరు. ఆమె చేతుల్లోంచి ఒక్కొక్కటీ అంకె అయి కాగితం మీద వాలుతోంది. కోపం మాత్రం ఏ కాటాకీ అందక గుండెల్లోనే కుతకుతలాడింది. ఉల్లిపాయలు తరుగుతుంటే నీళ్ళు కారాయి. ఉల్లిపాయలు ఉండబట్టి సరిపోయింది.

రెండున్నరకి మూత తీసింది. రంగు వచ్చింది. ముక్క గరిటె తగిలితే విడిపోతోంది. చెంచాడు తీసి నాలుక మీద వేసుకుంది. వైన్ తెలుస్తోంది, అనాస పువ్వు తెలుస్తోంది, కారం చివర్లో వచ్చి పలకరిస్తోంది. అంతే, మింగగానే అయిపోయింది. రోజూ మింగాక కూడా నోట్లో కాసేపు నిలిచే రుచి ఒకటి ఉండేది, అది లేదు.

"అద్భుతం వదినా!" అన్నాడు గ్రాముల బాబు. అబద్ధం చెప్పే మనిషి కాదు అతను, అతనికి నిజంగానే అద్భుతంగా ఉంది.

మూడింటికి బావా బావమరుదులు వచ్చారు. ఒకరు రొట్టె ముంచుకున్నారు, ఒకరు గిన్నె ఎత్తి జుర్రుకున్నారు. వైన్ ముందుందా సోయా ముందుందా అని కాసేపు అలవాటుగా కీచులాడుకున్నారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి తలలూపారు.

"ఇదే వదినా! ఇన్నేళ్ళుగా మీ బల్ల మీద ఉన్నది ఇదే," అన్నాడు బావ.

ఊరుకుంటే సరిపోయేది. ఆమెకి ఊరుకోబుద్ధి కాలేదు. "కాదండీ," అంది. "ఇందులో తోడు పడలేదు. పొద్దున్న పారబోశారు. ఇది ఆ కూర కాదు."

ఇద్దరూ ఇంకో చెంచా తిన్నారు. "నాకైతే తేడా తెలియట్లేదు," అన్నాడు బావ.

"నిజం చెప్పాలంటే ఇదే తేటగా ఉంది," అన్నాడు బావమరిది.

వదిన పెద్ద సర్వరు వైపు చూసింది. ఆయన చేతిలో కూడా ఒక చిన్న గిన్నె ఉంది. ఆ గిన్నెలోకే చూస్తూ, "బాగుందయ్యా," అన్నాడు ఆయన.

"మరి రేపట్నుంచి పొయ్యి దగ్గర నేనే కదండీ?" అంది వదిన.

"మీకింకా ఆ శ్రమ దేనికి వదినా?" బావమరిది నవ్వుతూ లేచి, గోడ చాటునుంచి ఒక కుర్చీ తోసుకొచ్చాడు. ఆఫీసుల్లో వాడే చక్రాల కుర్చీ, కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. "కాగితం ఉందిగా, కుర్రాళ్ళు చూసి వండుతారు. సిబ్బంది భోజనం బయటినుంచి డబ్బాల్లో తెప్పిద్దాం. మీరు హాయిగా ఇందులో కూర్చుని, తూకాలు సరిగ్గా వేస్తున్నారో లేదో చూడండి. మోకాళ్ళ నొప్పులన్నారు కదా!"

ఎంత ప్రేమగా అన్నాడో! పొమ్మనలేక పొగబెట్టారని అనుకోవడానికి కూడా లేదు. నిజంగానే ఆమెని ఉండమన్నారు, కూర్చోమన్నారు, జీతం కూడా అలాగే ఇస్తామన్నారు. వదిన తల ఊపింది.

అందరూ తిని వెళ్ళాక ఆమె గిన్నె ముందుకు లాక్కుంది. అడుగున నాలుగు గరిటెలకి సరిపడా మిగిలింది. చెయ్యి దానంతట అదే జల్లెడ అందుకుంది. పెద్ద సర్వరు ఎంగిలి పళ్ళేలు తెచ్చి సింకులో పెడుతూ, గొంతు తగ్గించి అన్నాడు. "మొదటి ముద్దకే తెలిసింది వదినా. ఏదో ఇల్లు ఖాళీ చేసినట్టుంది."

"మరి వాళ్ళ ముందు బాగుందన్నారేం అన్నయ్యా?"

"బాగానే ఉంది కదా," అన్నాడు ఆయన ఇబ్బందిగా. "బాగా లేదనడానికి ఏం లేదు. అది కాదని చెప్పడానికే మాట దొరకలేదు."

వదిన జల్లెడ గిన్నె మీదికి తెచ్చింది. మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఈ నాలుగు గరిటెలు ఉంచితే రేపటికి ఒక రోజు వయసు, ఎల్లుండికి రెండు రోజులు. పదకొండేళ్ళకి తనకి అరవై ఎనిమిది. అయినా ఇందులో ఎముకలు కొట్టింది ఎవరో కొత్తతను, అతనితో రెండు మాటలు కూడా మాట్లాడి ఎరగదు. జల్లెడ పక్కన పెట్టింది. గిన్నె రెండు చేతులతో ఎత్తి, ఉన్నది ఉన్నట్టు సింకులో వంచేసింది. కడిగింది, తుడిచింది, గట్టు మీద బోర్లించింది.

ఏప్రన్ తాళ్ళు తడిసి ముడి బిగుసుకుపోయింది. గోళ్ళతో రెండుసార్లు లాగి, విసుగెత్తి, తల మీంచి తీసేసింది. తగిలిద్దామని చూస్తే రోజూ తగిలించే మేకుకి అప్పుడే ప్లాస్టిక్ తొడిగిన కొలతల కాగితం వేలాడుతోంది. చేతికందిన దాని మీద పడేసి, సంచీ భుజాన వేసుకుంది.

"రేపు ఎన్నింటికి వస్తారు వదినా?" గ్రాముల బాబు వెనక తలుపు దాకా వచ్చాడు. పాపం, పొద్దుట్నుంచి అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఖాళీ గిన్నె బరువు రాసుకున్నావుగా బాబూ?"

"రాసుకున్నానండీ."

"అయితే ఇంకేం," అంది వదిన. కోపంగా అనలేదు, అలసిపోయి అంది. మెట్లు ఒక్కొక్కటే దిగి, రోడ్డు దాటి, బస్సు కోసం నిలబడింది.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడు హోటల్ నుంచి ఫోన్ చేస్తే కూతురు ఎత్తింది. "ఒంట్లో బాగానే ఉందండీ. రానంటోంది, అంతే," అంది. రెండో వారంలో బయట బోర్డు మీద కొత్త వంటకం పేరు పెద్ద అక్షరాల్లో ఎక్కింది. అడిగి మరీ తింటున్నారు. కుర్రాళ్ళు కాగితం చూసి వండుతారు, ఏ రోజూ ఒక గ్రాము తేడా రాదు.

చక్రాల కుర్చీ పసుపుపచ్చ గీత మీదే ఉంది, ప్లాస్టిక్ కవరు ఎవరూ విప్పలేదు, అందులో ఎవరూ కూర్చోరు. దాని వీపు మీద వదిన పడేసి వెళ్ళిన ఏప్రన్ ఎప్పుడో ఆరి అట్టకట్టింది. ఉతకడానికి తీసుకెళ్దామని గ్రాముల బాబు ఒకసారి చెయ్యి వేసి, మళ్ళీ వదిలేశాడు. తాళ్ళు ఆ రోజు ఆమె కట్టుకున్న ముడితోనే, ఆమె నడుమంత చుట్టుకొలతలోనే, ఇంకా కట్టే ఉన్నాయి.